దొరగారి ఐసు డబ్బా

కుక్కలను చూసుకుని బతికానంటే మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నమ్మరు. మిగతా సగం నమ్మి నవ్వుతారు. ముప్పయ్యేళ్ళకు పైగా పరాయివాళ్ళ కుక్కలను తిప్పాను, మేపాను, ఊళ్ళు దాటించాను. మోకాళ్ళు మొరాయించాక మానేశాను. పెన్షన్ లేదు, సన్మానం లేదు, శాలువా అసలే లేదు. కుడి ముంజేతి మీద రెండు పళ్ళ గాట్లు మాత్రం ఉన్నాయి. ఎంతెంత పెద్ద అల్సేషియన్లనో మచ్చిక చేసుకున్న నన్ను చివరికి కరిచింది ఒక పామెరేనియన్.

ఇప్పుడు ఇదే పనికి మంచి మంచి పేర్లు వచ్చాయి. పెట్ సిట్టర్ అంటారు, పెట్ నానీ అంటారు, బొమ్మ వేసిన టీషర్టులు తొడుక్కుంటారు. ఆ టీషర్టు పిల్లలు ముగ్గురు మొఘల్‌పురాలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. “అంకుల్, పచ్చి మాంసం తినే కుక్కను దూరం ఊరికి తీస్కపోవాలంటే ఎట్ల?” అని అడిగారు. చెబితే ఫోన్లో వీడియో తీసుకుంటామన్నారు. నా మొహం మీద నాకు అంత నమ్మకం లేదు కాబట్టి రాసి ఇస్తానన్నాను. ఇదే ఆ రాత.

ముందే ఒక మాట. పచ్చిది మంచిదా, వండింది మంచిదా అని నన్ను అడగొద్దు. ఆ లొల్లి డాక్టర్లకూ, వీడియోలు చూసే యజమానులకూ వదిలేశాను. కుక్క వీడియోలు చూడదు, గిన్నె చూస్తుంది. మన పని ఆ గిన్నె దగ్గర మొదలవుతుంది.

గుర్రాలంటే భయం

మా బాపు మలక్‌పేటలో రేసు గుర్రాలకు సైసుగా చేసేవాడు. గుర్రాన్ని రుద్దడం, నడిపించడం, మేత వేయడం అతని పని. నన్నూ అందులోనే పెట్టాలని చూశాడు. గుర్రం వెనక కాళ్ళు దగ్గరగా చూశాక, అంతకంటే పొట్టి జంతువుతో బతకడం మేలనిపించింది. బాపు దాన్ని ఎప్పుడూ క్షమించలేదు. “కొడుకు ఏం చేస్తడు అంటే కుక్కలను తిప్పుతడు అని చెప్పాల్నా?” అని అమ్మతో గొణిగేవాడు.

అయినా ఈ వృత్తిలో నాకు పనికొచ్చిన మొదటి మాట బాపుదే. గుర్రాలను వేరే ఊరి రేసులకు తీసుకుపోయేటప్పుడు ఇక్కడి గడ్డి, ఇక్కడి దాణానే కాక రెండు డ్రమ్ముల నీళ్ళు కూడా లారీలో ఎక్కించేవాడు. అక్కడ నీళ్ళు దొరకవా అని ఒకసారి అడిగాను.

“మనిషి కొత్త ఊరికి పోతే కొత్త తిండి కోసం ఎగబడుతడు. జంతువుకు గా షోకు లేదురా. ఇంట్ల ఏం తిన్నదో గదే పెట్టు. లేకుంటే ఏం పెట్టకు” అన్నాడు.

లతీఫ్ సాబ్ దగ్గర

నా మొదటి యజమాని లతీఫ్ సాబ్. మొఘల్‌పురాలో పాత ఇంటి వెనక పెరట్లో పదీ పన్నెండు కుక్కలను పెంచి, షోలకు తిప్పేవాడు. ఉర్దూలో తిట్టేవాడు, తెలుగులో జీతం కోసేవాడు. ఆయన కుక్కలన్నీ పచ్చి మాంసమే తినేవి. దానికి అప్పట్లో పేరేమీ లేదు. పొద్దున్నే కటికవాళ్ళ దగ్గరికి వెళ్ళి మనుషులు కొనని నరం ముక్కలు, బోటీ, కోడి మెడలు, కాస్త కార్జం తెచ్చి పడేయడమే. ఇప్పుడు అవే ముక్కలు ప్లాస్టిక్ పొట్లంలో పెట్టి, పైన తోడేలు బొమ్మ వేసి అమ్ముతుంటే లతీఫ్ సాబ్ గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆయన బతికుంటే తోడేలు బొమ్మకు బదులు తన ఫొటో వేయించుకునేవాడు.

ప్రయాణపు పాఠాలన్నీ ఆయనవే. మాంసాన్ని పూటకో పొట్లంగా పలచగా పరిచి గడ్డకట్టించాలి. డబ్బాలో ఖాళీ ఉంటే పాత పేపర్లు కూరాలి. మూత పూటకు ఒక్కసారే తెరవాలి. బండి కదులుతుండగా తిండి పెట్టకూడదు, దిగాక కుక్క ఒళ్ళు దులుపుకుని కాసేపు పడుకున్నాకే పెట్టాలి. మాంసం మీద అనుమానం వస్తే పారేసి ఆ పూట పస్తు పెట్టాలి. పెద్ద కుక్క ఒక పూట తినకపోతే ఏమీ కాదు. “కుత్తా భూకా రహా తో ముఝే గాలీ దేగా. బీమార్ పడా తో మాలిక్ దేగా. కుత్తే కీ గాలీ సస్తీ హై” అనేవాడు. కుక్క పస్తుంటే అది తిడుతుంది, జబ్బుపడితే యజమాని తిడతాడు; కుక్క తిట్లయితే అర్థం కావు కదా అని ఆయన లెక్క.

ఒక పాఠం మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. పరాయి ఊళ్ళో హోటలు బాత్రూం బకెట్లో కోడి మెడలు నానబెట్టి టీకి వెళ్ళకూడదు. గది ఊడ్చడానికి వచ్చినామె ఎర్రటి నీళ్ళు చూసి పెట్టిన కేకకు మేనేజరు, వాచ్‌మన్, పక్క గది పెళ్ళివారు అందరూ వచ్చారు. నేను టీ గ్లాసుతో తిరిగొచ్చేసరికి నా మీద హత్య కేసు సగం తయారైంది.

మెటీరియల్

ఇక అసలు సంగతి. సైదాబాద్‌లో విశాలాక్షి గారని ఒకామె ఉండేవారు. కోస్తా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరై ఇక్కడే స్థిరపడ్డారు. ఒక్కరే ఉండేవారు. ఇంట్లో కోడిగుడ్డు కాదు, ఉల్లిపాయ కూడా వారాలు చూసుకుని వచ్చేది. అలాంటి ఇంట్లో దొర ఉండేవాడు. దొర అంటే జర్మన్ షెపర్డ్. తెలంగాణలో పుట్టి నేను వంగి సలాము చేసిన దొర వాడొక్కడే, అదీ గొలుసు తగిలించడానికి.

దొరకు ఒళ్ళంతా దురద ఉండేది. ఎన్ని మందులు వాడినా వెంట్రుకలు కుచ్చులుగా రాలేవి. ఎవరో చెబితే విశాలాక్షి గారు పచ్చి మాంసం మొదలుపెట్టించారు. రెండు నెలల్లో దురద పోయింది, బొచ్చు మెరిసింది. ఇక ఆమెను ఆపడం ఎవరి తరం కాలేదు. కారు షెడ్డులో మాంసానికని వేరే ఫ్రిజ్ పెట్టించారు. నేను మొఘల్‌పురా నుంచి మాంసం తెచ్చి, గ్రాములు తూచి, డబ్బాల్లో సర్ది వెళ్ళాలి. ఆమె గుమ్మం దగ్గర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి, డబ్బాల మీద అతికించాల్సిన చీటీలు అందించేవారు. ‘సోమవారం ఉదయం’, ‘సోమవారం సాయంత్రం’ అని ముత్యాల్లాంటి అక్షరాలు. మాంసం అన్న మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు.

“ప్రభుదాస్ గారూ, మెటీరియల్ వచ్చిందా?” అనేవారు.

“వచ్చింది మేడం. మెటీరియల్ల కార్జం గూడ ఉన్నది” అనేవాణ్ణి.

“వివరాలొద్దండీ.”

ఇలా నవ్వుతూ రాస్తున్నాను గానీ ఆమె అంటే నాకు గౌరవం. తనకు గిట్టని దాన్ని ఒక జంతువు కోసం ఇంటి గేటు లోపలికి రానిచ్చిన మనిషి. వందమందిలో ఒకరు కూడా చేయరు.

ఒక మే నెలలో విశాఖపట్నంలో వాళ్ళ చెల్లెలికి మోకాలి ఆపరేషన్ పడింది. ఈమె నెల రోజులు అక్కడ ఉండాలి. దొరను వదిలి ఉండలేరు, మెటీరియల్‌తో ఒకే బండిలో కూర్చోలేరు. అందుకని ఆమె రైలెక్కారు. దొర, నేను, ఐసు డబ్బా కారులో బయలుదేరాం. డ్రైవర్ మా గల్లీ ఖాజా. బయలుదేరే ముందు రోజు ఆమె రెండే షరతులు చెప్పారు. తిన్నాక ఖాళీ గిన్నె ఫొటో పంపాలి, ఏ చిన్న తేడా వచ్చినా ఫోన్ చేయాలి. ఆమెకు ఫోన్ చేయడమంటే అరగంట ఉపన్యాసం వినడం. అందుకే ఫోన్ చేసే అవసరం రాకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ఒక్క ఉడుకు

కోదాడ దాటాక కారు ఆగిపోయింది. మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి, పార్టు కోసం ఇంకో ఊరికి మనిషిని పంపి, తను భోజనానికి వెళ్ళాడు. మధ్యాహ్నం మూడు దాటేదాకా ఒక రేకుల షెడ్డు నీడలో కూర్చున్నాం. దొర నాలుక బెత్తెడు బయటపెట్టి పడుకున్నాడు. ఖాజా చల్లగా ఉంటాయని నీళ్ళ సీసాలు, మజ్జిగ ప్యాకెట్లు ఐసు డబ్బాలో పెట్టాడు. పావుగంటకోసారి మూత తీసి తాగాడు. లతీఫ్ సాబ్ శిష్యుణ్ణి, పాతికేళ్ళ అనుభవజ్ఞుణ్ణి, నేనేం చేశానంటారా? నాకో మజ్జిగ ప్యాకెట్ ఇవ్వమన్నాను.

విజయవాడ దాటి రోడ్డు పక్క చిన్న హోటలు దగ్గర ఆగేసరికి పొద్దు వాలింది. డబ్బా తెరిచాను. ఐసు లేదు, గోరువెచ్చని నీళ్ళున్నాయి. కోడి మెడలు, మేక పక్కటెముకల ముక్కలు మెత్తబడిపోయాయి. కుళ్ళలేదు గానీ వాసన కొంచెం మారింది. దొర లేచి తోక ఊపుతూ నిలబడ్డాడు. అప్పుడే ఫోన్లో మెసేజి వచ్చింది: “దొర తిన్నాడా? ఫొటో?”

పస్తు పెట్టమని లతీఫ్ సాబ్ చెప్పాడు. ఫోన్ చేయమని మేడం చెప్పారు. ఇంట్లో తిన్నదే పెట్టు, లేకుంటే ఏం పెట్టకు అని బాపు చెప్పాడు. ఈ ముగ్గురినీ పక్కనపెట్టి నేను మా అమ్మ మాట విన్నాను. బక్రీదుకు మా గల్లీలో నాలుగైదు ఇళ్ళ నుంచి మాంసం వచ్చేది. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. అమ్మ ఆ మాంసమంతా ఉప్పు, పసుపు వేసి ఒక్క ఉడుకు ఉడికించి మూతపెట్టేది. మళ్ళీ మళ్ళీ వేడిచేస్తూ మూడు రోజులు పెట్టేది. ఎవరికీ కడుపు నొప్పి వచ్చిన గుర్తు లేదు.

“ఫికర్ మత్ కరో ప్రభు భాయ్. మా ఇంట్ల గూడ గంతే. ఒక్క ఉడుకు, అంతా సెట్” అన్నాడు ఖాజా.

హోటలు నడిపే ఆమెను బతిమాలితే ఒక పొయ్యి ఇచ్చింది. ఆమే ఉప్పు, పసుపు చిటికెడు వేసింది. “కుక్కకాండీ ఇదంతా? మా ఆయనకి కూడా నేనింత శ్రద్ధగా వండలేదు” అని నవ్వింది. మాంసం ఎముకలతో సహా ఉడికింది. చల్లార్చి పెడితే దొర గిన్నె తళతళలాడేలా నాకాడు. నేను ఫొటో తీసి పంపాను. “గుడ్ బాయ్” అని జవాబు వచ్చింది. అది దొరకా, నాకా అని ఖాజా అడిగాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇక్కడ ఆగి, ఇంకోసారి చదవండి. పచ్చి ఎముక మెత్తగా ఉంటుంది, నములుతుంది కుక్క. ఉడికిన ఎముక పెళుసుబారి ముల్లులా విరుగుతుంది, లేదా కడుపులో ముద్దకట్టి అడ్డం పడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలియక చేసిన తప్పు కాదు. ఎంతమందికో నేనే చెప్పాను. ఆ సాయంత్రం మాత్రం నేను మాంసం గురించి ఆలోచించాను, వాసన గురించి ఆలోచించాను, ఫొటో గురించి ఆలోచించాను. ఎముక సంగతి నా బుర్రలోకే రాలేదు.

ఫొటో సాక్ష్యం

విశాఖ చేరిన మర్నాడు పొద్దున దొర గిన్నె వైపు చూడలేదు. రెండుసార్లు కక్కాడు. పెరట్లో నడుం వంచి ముక్కుతూ నిలబడ్డాడు, ఏమీ రాలేదు. చూడగానే నాకు ఆ పొయ్యి గుర్తొచ్చింది.

“దారిలో ఏమైనా తేడాగా తిన్నాడా ప్రభుదాస్ గారూ?” అని మేడం అడిగారు.

“ఏం లేదు మేడం. ఎండకు పాణం బాలేదు గంతే” అన్నాను.

నా జీవితంలో ఇంత చులాగ్గా ఇంకో అబద్ధం చెప్పలేదు. పశువుల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పొట్ట నొక్కి చూసి, “వండిన ఎముకలేమైనా పెట్టారా?” అని అడిగింది. ప్రశ్న సూటిగా నా మీదికే వచ్చింది. నేను నోరు తెరిచేలోపు మేడం అందుకున్నారు.

“మేం వండనే వండమండీ డాక్టరుగారూ. ఈయన చాలా జాగ్రత్త మనిషి. ఇదిగో చూడండి, మొన్న దారిలో పెట్టినప్పటి ఫొటో కూడా పంపారు” అని ఫోన్ తీసి చూపించారు.

ఖాళీ గిన్నె. అంచున కొంచెం పసుపు మరక. డాక్టరు ఫోన్ వైపు సరిగ్గా చూడలేదు, మేడం మాట నమ్మింది. ఎండదెబ్బ, గ్యాసు అని సూది వేసి పంపేసింది. నేను గొలుసు పట్టుకుని వెనకాలే నడిచాను. ఆ రోజంతా నాకు దొర కంటే నా పరువే ఎక్కువైంది. ఎంత సిగ్గుగా ఉన్నా రాయాల్సిన వాక్యం ఇదే.

మర్నాడు పొద్దున్నే దొర పొట్ట రాయిలా ఉంది. నన్ను చూసి లేవబోయి లేవలేక తోక ఒక్కసారి నేలకు కొట్టాడు. అంతే, నా వల్ల కాలేదు. మేడం వరండాలో కాఫీ తాగుతున్నారు.

“మేడం, బొక్కలు ఉడకబెట్టి పెట్టిన. ఐసు కరిగిపోయింది. మీకు ఫోన్ చేస్తే తిడతరని చెయ్యలే. నిన్న గూడ అబద్ధం చెప్పిన.”

ఆమె గ్లాసు కింద పెట్టారు. “కారు తీయండి” అన్నారు ఖాజా వైపు చూసి. నా వైపు చూడలేదు.

ఎక్స్‌రే తీశారు, వెంటనే ఆపరేషన్ చేశారు. పేగులోంచి గుప్పెడు ఎముక ముక్కలు తీసి ఒక స్టీలు పళ్ళెంలో పెట్టి డాక్టరు బయటికి తెచ్చింది. “ఇవి నిన్న తెలిసుంటే కోయకుండా ప్రయత్నించేదాన్ని” అంది. అరవలేదు, తిట్టలేదు. అలా మామూలుగా చెప్పింది కాబట్టే ఇప్పటికీ వినబడుతుంది. విశాలాక్షి గారు ఆ పళ్ళెం వైపు కొంగు అడ్డం పెట్టుకోకుండా చూశారు.

మూడు రోజులు బతుకుతాడో లేదో తెలియలేదు. నాలుగో రోజు దొర నీళ్ళు తాగాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఖాజా మజ్జిగ ప్యాకెట్ తెచ్చిస్తే విసిరికొట్టాను, పాపం.

తిరుగు ప్రయాణం

నెల తర్వాత బయలుదేరే రోజు మేడం రైలు టికెట్ రద్దు చేసుకున్నారు. “నేను కూడా కారులోనే వస్తాను” అన్నారు. వెనక సీట్లో ఒక పక్క దొర, ఇంకో పక్క ఆమె, ఆమె కాళ్ళ దగ్గర ఐసు డబ్బా. ఇప్పుడు అందులో ఎముకలు లేవు, డాక్టరు చెప్పినట్టు ఒట్టి ఖీమానే ఉంది. ఎన్ని గంటలకు మూత తీయాలో ఆమే చూసుకున్నారు. ఐసు ఎంత మిగిలిందో వేలు పెట్టి చూశారు. నేను ముందు సీట్లో డ్రైవర్ పక్కన పార్సిల్‌లా కూర్చున్నాను. నా ఉద్యోగం వెనక సీట్లో ఆమె చేస్తున్నారు. అరగంట తిట్టినా ఇంతకంటే హాయిగా ఉండేది.

విజయవాడ ఇంకా రాకముందే, ఆ రోజు ఎక్కడ వండానో ఖాజాను అడిగి ఆ హోటలు దగ్గర ఆపమన్నారు. హోటలామె నన్ను గుర్తుపట్టి, “ఏవండీ, ఆ రోజు మీ కుక్కకి నా వంట నచ్చిందా?” అని అడిగింది.

“బాగా తిన్నాడమ్మా” అన్నారు విశాలాక్షి గారు.

తర్వాత చెట్టు నీడలో గిన్నె పెట్టి, డబ్బా తెరిచి, పొట్లం విప్పి ఖీమా తన చేత్తో గిన్నెలో వేశారు. మొహం పక్కకు తిప్పుకున్నారు గానీ చెయ్యి వెనక్కి తీయలేదు. దొర తిన్నాడు. ఆ చెయ్యి కూడా నాకాడు. ఆమె ఒక సీసాడు నీళ్ళతో చేతులు కడుక్కుని కారెక్కారు. ఫొటో ఎవరూ తీయలేదు.

సైదాబాద్‌లో దిగాక, డబ్బా నాది కాబట్టి కడిగి ఇస్తానన్నారు మేడం. నేను కడుగుతానంటే వద్దన్నారు. అరగంటకు పొడిగా తుడిచి గేటు దగ్గర నా చేతిలో పెట్టారు. “వెళ్ళి రండి ప్రభుదాస్ గారూ” అన్నారు. రేపు రమ్మనలేదు. ఆ తర్వాత ఎన్నడూ పిలవలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ పిలవను.

ఇంటికొచ్చి రెండు రోజులు ఆ డబ్బా ముట్టుకోలేదు. మూడో రోజు ఇంకో కుక్క పని వచ్చి మూత తీస్తే, లోపలి వైపు ఒక చీటీ అతికించి ఉంది. తడికి చెరగకుండా పైన టేపు వేసి ఉంది. అవే ముత్యాల్లాంటి అక్షరాలు.

‘ఏ తేడా వచ్చినా ఫోన్ చేయండి. తిట్టను.’

ఆ తర్వాత చాలా కుక్కలను చాలా ఊళ్ళు దాటించాను. ఐసు కరిగిన ప్రతిసారీ యజమానికి ఫోన్ చేశాను. చాలామంది తిట్టారు. డబ్బా ఇంకా గట్టిగానే ఉంది, మూత బిగుతు తగ్గలేదు. టీషర్టు పిల్లల్లో ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకుపోండి, ఉచితమే. చీటీ మాత్రం పీకొద్దు.